ఫిర్యాదు రాయలేని వాడుకరి

టక్స్ పెయింట్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ 2002లో మొదలైంది. అమెరికాకు చెందిన బిల్ కెండ్రిక్ దాన్ని 3 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం రాసి, మూలకోడ్‌తో (ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠంతో) సహా ఉచితంగా విడుదల చేశారు. తొలి రోజుల్లో అందులో మౌస్ మీద ఏ బటన్ నొక్కినా గీత పడేది. 0.9.15 వెర్షన్ నుంచి ఎడమ బటన్‌కు మాత్రమే పడేలా మార్చారు. పిల్లలకు సరైన బటన్ అలవాటు కావాలన్నది ఆ మార్పు ఉద్దేశం. అయితే మౌస్‌తో ఇబ్బంది పడే పిల్లల కోసం పాత పద్ధతిని పూర్తిగా తీసేయకుండా సెట్టింగుల్లో ఉంచారు.

ఒక్క బటన్ గురించి తీసుకున్న ఈ చిన్న నిర్ణయం చుట్టూ ఎంత చర్చ ఉందో చూడండి. నాలుగేళ్ల పాప బొమ్మ గీయడానికి కూర్చుంది. వేలు కుడి బటన్ మీద పడింది, గీత రాలేదు. తప్పు తనదే అనుకుంటుంది కానీ ప్రోగ్రామ్‌ది అనుకోదు. కాబట్టి ఏ బటన్ అయినా పనిచేయాలి. మరోవైపు ఆ పాపే రేపు ఇంకో ప్రోగ్రామ్ తెరుస్తుంది, అక్కడ కుడి బటన్ వేరే పని చేస్తుంది. కాబట్టి ఇప్పుడే నేర్పాలి. రెండు వాదనలూ సబబైనవే. ఈ విషయంలో ప్రోగ్రామ్ రాసినవారికి, టీచరుకు, తల్లిదండ్రులకు తలా ఒక అభిప్రాయం ఉంటుంది. వాడుతున్న పాప మాత్రం తన మాట ఎవరికీ చేరవేయలేదు.

పిల్లల కోసం వచ్చే ఓపెన్ సోర్స్, అంటే మూలకోడ్ అందరికీ తెరిచి ఉంచే, విద్యా సాఫ్ట్‌వేర్ మీద విమర్శ వచ్చినప్పుడల్లా మాట్లాడేవారు రెండు పక్షాలుగా చీలిపోతారు. చూడటానికి పాతకాలంగా ఉంది, తెర నిండా ఐకాన్లు, ఎటు పోవాలో తెలియదు అంటుంది ఒక పక్షం. జీతం లేకుండా పనిచేసి ఉచితంగా ఇచ్చినదాన్ని ఎలా తప్పుపడతారు, మూలకోడ్ మీ చేతిలోనే ఉంది కదా, మీరే బాగుచేయండి అంటుంది రెండో పక్షం. మొదటివారు లోపాన్ని చూస్తున్నారు కానీ అది ఎక్కడ పుట్టిందో వెతకడం లేదు. రెండోవారి జవాబు పెద్దల సాఫ్ట్‌వేర్ విషయంలో కొంతవరకు చెల్లుతుందేమో కానీ, పిల్లల విషయంలో నేను దాన్ని ఒప్పుకోలేను. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టకపోయినా, పిల్లలు తమ ల్యాబ్ పీరియడ్‌ను దానికి ఇస్తున్నారు. ఇద్దరు ముగ్గురు ఒకే కంప్యూటర్ ముందు సర్దుకుని కూర్చునే బడిలో ఆ కాసేపు చాలా విలువైనది.

అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఓపెన్ సోర్స్ ఎలా మెరుగవుతుందో చూడాలి. రాసేవారే వాడేవారు కావడం దాని బలం. సర్వర్లు నడిపేవారు సర్వర్ ప్రోగ్రామ్‌లు రాసుకున్నారు, తమకు అడ్డొచ్చిన లోపాన్ని తామే దిద్దుకున్నారు. కోడ్ రాయనివారు కూడా ఎక్కడ ఆగిపోయిందో, ఏ సందేశం వచ్చిందో బగ్ రిపోర్టులో, అంటే లోపాన్ని తెలిపే నివేదికలో, వివరంగా రాసి పంపారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, అపాచీ అనే వెబ్ సర్వర్ లాంటివి అలాగే గట్టిపడ్డాయి. ఇంత బలం వాడుక సౌలభ్యం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు సన్నగిల్లుతుందో డేవిడ్ నికోల్స్, మైఖేల్ ట్విడేల్ అనే పరిశోధకులు 2003లోనే విశ్లేషించారు. రాసేవారు సగటు వాడుకరుల లాంటివారు కారు. డిజైన్ తెలిసినవారు ఇలాంటి ప్రాజెక్టుల్లోకి రావడం తక్కువ. కొత్త సదుపాయం చేర్చడానికి ఉన్న ఉత్సాహం, ఉన్నదాన్ని సరళం చేయడానికి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రోగ్రామ్ ఆగిపోయిందని చెప్పడం తేలిక, ఇక్కడ అయోమయంగా ఉందని చెప్పడం కష్టం.

ఆ విశ్లేషణ పెద్దవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. వాడుకరి వయసు ఆరేళ్లయితే? ఒక సాధారణ బగ్ రిపోర్టుకు ఖాతా తెరవాలి, ఇంగ్లిషులో రాయాలి, ఏ వరుసలో ఏం చేస్తే లోపం వస్తుందో చెప్పాలి, ఏం జరగాల్సిందో ఏం జరిగిందో విడదీసి వివరించాలి. ఇవేవీ ఆరేళ్ల పిల్లల వల్ల అయ్యే పనులు కావు. అర్థం కాని తెర ఎదురైతే పిల్లలు పక్కదాంట్లోకి వెళ్లిపోతారు, లేదా తోచినచోటల్లా నొక్కి ఎలాగో బయటపడతారు. ఈ రెండూ ఎక్కడా నమోదు కావు. పైగా పెద్దవారు దూరం నుంచి చూస్తే పిల్లలు హుషారుగా ఏదో నొక్కుతూ కనిపిస్తారు కాబట్టి, అంతా బాగుందనే అనుకుంటారు. ఫిర్యాదులు రాకపోవడాన్ని బాగుందనడానికి రుజువుగా తీసుకునే పద్ధతి ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది.

పిల్లల చేతుల గురించి, చూపు గురించి శాస్త్రీయంగా తెలిసింది తక్కువేమీ కాదు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగైదేళ్ల పిల్లలు మౌస్‌తో గురిచూసి నొక్కే తీరును పెద్దలతో పోల్చారు. పిల్లల బాణం గుర్తు గురి దాటి వెళ్లిపోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ దాటుతుంది. పెద్దలకు సరిపోయే సైజు బటన్ వారికి చాలదు, చాలా పెద్దది కావాలి. ఒక వస్తువును మౌస్‌తో పట్టుకుని ఈడ్చి మరోచోట వదలడం కంటే, ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి నొక్కడమే పిల్లలకు వేగంగా, తక్కువ తప్పులతో సాగుతుందని కోరి ఇంక్‌పెన్ అనే పరిశోధకురాలు 2001లోనే చూపించారు. అయినా నేటికీ పిల్లల విద్యా ప్రోగ్రామ్‌లలో ఈడ్చి వదిలే ఆటలు కోకొల్లలు. రాసేవారికి ఆ పని చేతికి అలవాటైపోయింది. అది ఒక నైపుణ్యం అన్న సంగతే వారికి గుర్తురాదు.

ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రయోగం షుగర్, పిల్లల ల్యాప్‌టాప్ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన తెర. దాని చుట్టూ జరిగిన వాదనలే ఈ విమర్శలో ఎన్ని దారాలు చిక్కుపడి ఉంటాయో బాగా చూపిస్తాయి.

అమెరికా సాంకేతిక నిపుణుడు నికొలస్ నెగ్రోపాంటే 2005 జనవరిలో దావోస్ ఆర్థిక సదస్సులో వంద డాలర్ల ల్యాప్‌టాప్ ఆలోచనను ప్రపంచం ముందు పెట్టారు. ఆ ఆలోచనతో పుట్టిన వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్ సంస్థ తయారుచేయించిన ఎక్స్‌ఓ-1 అనే ఆకుపచ్చ, తెలుపు రంగుల చిన్న యంత్రం 2007 చివర్లో భారీ ఉత్పత్తికి వచ్చింది. దాని తెర మీద కనిపించేదే షుగర్, లైనక్స్ మీద నడిచే వేరే ప్రపంచం. వాల్టర్ బెండర్ నాయకత్వంలో, లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ ఇంజనీర్లు, పెంటగ్రామ్ డిజైన్ సంస్థ కలిసి దాన్ని రూపొందించారు. అంటే ఓపెన్ సోర్స్‌లో డిజైనర్లు ఉండరన్న సాధారణ ఆరోపణ దీనికి వర్తించదు. మొదటి రోజు నుంచీ డిజైనర్లు ఉన్నారు.

వారు వేసుకున్న ప్రశ్న నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. ఆఫీసు గుమస్తా బల్లను చూసి తయారుచేసిన డెస్క్‌టాప్, ఫైళ్లు, ఫోల్డర్లు పల్లెలో ఒకటో తరగతి చదివే పిల్లలకు ఎందుకు? కాబట్టి షుగర్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు లేవు. పిల్లలు చేసిన ప్రతి పనినీ అడగకుండానే దాచుకుని, తేదీల వరుసలో చూపించే జర్నల్ ఉంది. రెండుసార్లు టకటకా నొక్కే అవసరం లేదు. తెర మధ్యలో పిల్లల గుర్తు, దాని చుట్టూ వలయంగా పనుల ఐకాన్లు. ఒక మెట్టు వెనక్కి వెళితే స్నేహితులు, ఇంకో మెట్టు వెనక్కి వెళితే చుట్టుపక్కల ఉన్న యంత్రాలన్నీ కనిపిస్తాయి. తెర మూలకు బాణం గుర్తు తీసుకెళితే నాలుగు అంచుల నుంచీ ఒక చట్రం బయటికి వస్తుంది. వాడుతున్న ప్రోగ్రామ్ మూలకోడ్ చూపించడానికి కీబోర్డు మీద ప్రత్యేకంగా ఒక కీ కూడా ఉండేది.

ఆచరణలో ఏమైంది? తొలి విడుదలల్లో ఐకాన్ నొక్కిన ప్రతిసారీ కొత్త ఖాళీ పేజీ తెరుచుకునేది. నిన్నటి బొమ్మ కావాలంటే జర్నల్‌లోకి వెళ్లి వెతకాలి. పేరు పెట్టమని ఎవరూ అడగలేదు కాబట్టి జర్నల్ నిండా ఒకే పేరుతో వరుసలు. చదవడం ఇంకా రాని పిల్లలు వాటిలో తమ బొమ్మను ఎలా గుర్తుపట్టాలి? పాత పనినే మొదట తెరిచే పద్ధతి తర్వాతి విడుదలల్లో వచ్చింది. యంత్రంలో దాచుకునే చోటు 1 గిగాబైటే. అన్నీ తనంతట తానే దాచుకుంటూ పోయే జర్నల్‌తో అది నిండేది. పూర్తిగా నిండితే యంత్రం మొదలవడమే కష్టమయ్యేది.

చట్రం విషయం ఇంకా ఆసక్తికరం. బాణం గుర్తు మూలకు తగిలితే చాలు అది ప్రత్యక్షమయ్యేది. అనుకోకుండా వచ్చి పనికి అడ్డుపడుతోందన్న ఫిర్యాదు పెద్ద ఎత్తున వచ్చింది. డిజైన్ తప్పేనా? కొంతవరకు అవును. అయితే ఎక్స్‌ఓ-1 టచ్‌ప్యాడ్‌కు బాణం గుర్తును ఉన్నట్టుండి ఎగరగొట్టే జబ్బు ఉండేది. కీబోర్డు నాలుగు మూలల్లోని కీలను ఒకేసారి నొక్కి దాన్ని మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చేది. టచ్‌ప్యాడ్ బాణాన్ని మూలకు విసిరితే చట్రం వస్తుంది. పిల్లలు చూసేది చట్రాన్ని, తిట్లు తినేది షుగర్. తర్వాత చట్రం రావడానికి కొంత ఆలస్యం పెట్టుకునే సెట్టింగు చేర్చారు. మంచి పరిష్కారమే. కానీ ఆ సెట్టింగును వెతికి మార్చాల్సింది మళ్లీ ఎవరో ఒక పెద్దమనిషి.

నెమ్మదితనం కూడా ఇలాంటిదే. 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ ఉన్న యంత్రంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పనులు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. ఆ నిరీక్షణలో మళ్లీ మళ్లీ నొక్కడం ఏ పిల్లలైనా చేసే పని. చుట్టుపక్కల యంత్రాలన్నీ కనిపించే తెర కాగితం మీద అద్భుతంగా ఉంది. కానీ ఒకే గదిలో ఎన్నో యంత్రాలు ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌లో మాట్లాడుకోబోతే ఆ వ్యవస్థ తట్టుకోలేకపోయేది. తరగతి గది అంటేనే ఒకే గదిలో ఎన్నో యంత్రాలు కదా.

ఇప్పుడు ఒకే ఒక్క లక్షణం తీసుకుందాం. ‘పాప నిన్న వేసిన బొమ్మ దొరకడం లేదు.’ కారణం జర్నల్ డిజైన్ కావచ్చు, టచ్‌ప్యాడ్ కావచ్చు, దాచుకునే చోటు నిండిపోవడం కావచ్చు. జర్నల్ ఎలా వాడాలో టీచరుకు ఎవరూ నేర్పకపోయి ఉండవచ్చు. డాక్టరు జ్వరం అన్న మాట వినగానే మందు రాయకుండా ఎందుకొచ్చిందో చూసినట్టు, ఇక్కడా పొరలు విడదీయాలి. ఆనాటి విమర్శల్లో చాలావరకు ఆ పని జరగలేదు.

దానికి ఒక రాజకీయ కారణం కూడా ఉంది. 2008 ఏప్రిల్‌లో వాల్టర్ బెండర్ వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్ నుంచి బయటికి వచ్చారు. మే నెలలో ఆ యంత్రం మీద, మూలకోడ్ బయటికి ఇవ్వని విండోస్ ఎక్స్‌పీ నడిపేందుకు మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం కుదిరింది. అదే నెలలో బెండర్, షుగర్‌ను విడిగా కొనసాగించేందుకు షుగర్ ల్యాబ్స్ స్థాపించారు. అప్పటి నుంచి షుగర్ బాగాలేదనడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను (ఎవరైనా వాడి, మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్‌ను) వ్యతిరేకించడంగా, బాగుందనడం దాన్ని సమర్థించడంగా మారిపోయింది. ఈ గొడవలో బాణం గుర్తు ఎందుకు ఎగురుతోందన్న సాదా ప్రశ్నకు చోటు లేకుండా పోయింది. ఇందులో నష్టపోయింది పిల్లలే.

పెరూ అధ్యయనాన్ని కూడా ఇలాగే అటూ ఇటూ లాగారు. పెరూ ప్రభుత్వం ఈ యంత్రాలను లక్షల సంఖ్యలో కొన్నది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు అక్కడి 319 గ్రామీణ బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరిగిన ఆధారం కనిపించలేదు. సాధారణ ఆలోచనా సామర్థ్యాలను కొలిచే పరీక్షల్లో మాత్రం కొంత మెరుగుదల కనిపించింది. షుగర్ పనికిరాదనడానికి దీన్ని రుజువుగా చూపించేవారు ఉన్నారు. కానీ ఆ అధ్యయనం పరీక్షించింది తెర మీది డిజైన్‌ను కాదు, యంత్రాలు పంచడాన్ని. టీచర్లకు సరైన శిక్షణ లేని చోట, పాఠాలతో ముడిపడిన సామగ్రి లేని చోట, ఏ తెర పెట్టినా మార్కులు పెరుగుతాయని ఆశించడానికి కారణం కనిపించదు. నేపాల్‌లో ఓఎల్‌ఈ నేపాల్ అనే సంస్థ ఇవే యంత్రాల మీద వేరే దారి పట్టింది. తమ దేశ పాఠ్యప్రణాళికకు అనుగుణంగా, నేపాలీ భాషలో, ఈ-పాఠ్ పేరుతో అభ్యాసాలు తయారుచేసి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ‘ఇది మా పాఠంలో ఎక్కడ వస్తుంది’ అన్న టీచరు ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా వాడుక సౌలభ్యమే.

ఫ్రాన్స్‌లో 2000లో బ్రూనో కూడ్వాన్ మొదలుపెట్టిన జీకాంప్రీ అనే పిల్లల విద్యా ప్రోగ్రామ్ సంగతి దీనికి భిన్నం. అది ఒక్క పెద్ద ఆలోచన మీద కట్టింది కాదు. 2 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం నూరుకు పైగా చిన్న చిన్న పనులు కాలక్రమంలో పోగయ్యాయి. 2014 నుంచి కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయంలో, క్యూట్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో దాన్ని తిరిగి రాశారు. అందులో ఒక్కో పనికి ఒక్కో తర్కం. ఒకచోట ఈడ్చాలి, ఒకచోట నొక్కాలి, ఒకచోట టైపు చేయాలి. ఎవరు ఏ పని చేర్చితే వారి అలవాటు అందులోకి వస్తుంది. ఇన్ని పనులు ఉండటం గొప్పే. కానీ నాలుగేళ్ల పిల్లలకు తెర నిండా ఐకాన్లు అంటే ఎంపిక కాదు, గందరగోళం. కఠినత్వాన్ని బట్టి పనులను వడకట్టే సదుపాయం ఉంది. సెట్టింగులు, బయటికి వెళ్లే బటన్ కనిపించకుండా చేసే పద్ధతి కూడా ఉంది. బడి ల్యాబుల్లో దాన్ని వాడటం చాలా అవసరం. కాకపోతే ఇవన్నీ ఉన్నాయని టీచరుకు ఎవరు చెబుతారు?

లెక్కల ఆట టక్స్‌మ్యాథ్‌లో మరో రకమైన చిక్కు. ఆకాశం నుంచి తోకచుక్కలు లెక్కలు మోసుకుంటూ పడతాయి, నేలకు తగిలేలోపు జవాబు టైపు చేసి పేల్చాలి. ఏడెనిమిదులు యాభై ఆరు అని నోటికి వచ్చిన పిల్లలు కూడా కీబోర్డు మీద 5, 6 వెతుక్కునేలోపు ఓడిపోతారు. అప్పుడు ఆట కొలిచింది ఎక్కాలనా, వేళ్ల వేగాన్నా? నేర్పాల్సిన కష్టం వేరు, వాడటంలో వచ్చే కష్టం వేరు. పిల్లల సాఫ్ట్‌వేర్‌లో మొదటిది ఉండాలి, రెండోది తగ్గాలి. విమర్శించేవారు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు.

రంగుల ముక్కలు అతికిస్తూ ప్రోగ్రామ్‌లు రాయించే స్క్రాచ్ ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం దాన్ని 2007లో విడుదల చేసింది. ముక్కల ఆకారాలు కుదిరితేనే ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి వ్యాకరణ దోషాలకు తావే లేదు. ఏం చేయాలన్న ఆలోచన మాత్రం పిల్లలదే. ఐదారేళ్ల వారికి ఆ ముక్కల మీది అక్షరాలూ భారమేనని, 2014లో అక్షరాలు లేని ముక్కలతో స్క్రాచ్ జూనియర్ వచ్చింది. స్క్రాచ్ కోడ్ కూడా బహిరంగమే. తేడా అది తయారైన తీరులో ఉంది. నిధులున్న ఒక బృందం, బడి తర్వాత పిల్లలు వచ్చి కూర్చునే కంప్యూటర్ క్లబ్బుల్లో వారి పక్కన ఉండి చూస్తూ తయారుచేసింది. కాబట్టి కోడ్‌ను ఎవరు ఎలా వాడవచ్చో చెప్పే లైసెన్సుకూ వాడుక సౌలభ్యానికీ నేరుగా సంబంధం లేదు. తయారీలో పిల్లలు ఎంత దగ్గరగా ఉన్నారన్నదే తేలుస్తుంది.

తెలుగు పిల్లల దగ్గరకు వస్తే ఇంకో పొర చేరుతుంది. కేడీఈలో కేలెత్రెస్ అనే అక్షరాలు నేర్పే ప్రోగ్రామ్ ఉంది, అది ఎంచుకోనిచ్చే భాషల్లో తెలుగు కూడా ఉంది. ఇది సంతోషించాల్సిన విషయం. మొదటి రెండు స్థాయిల్లో అక్షరాలు, తర్వాతి రెండింటిలో వాటి కలయికలు. శబ్దం విని ఆ అక్షరాన్ని కీబోర్డు మీద టైపు చేయాలి. ఫ్రెంచి పిల్లలకు ఈ పద్ధతి సరిపోతుంది, విన్న అక్షరం కీ మీద ముద్రించి ఉంటుంది. మన బడుల్లోని కీబోర్డుల మీద ఉండేవి ఇంగ్లిషు అక్షరాలు. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో అక్షరమాలలో మొట్టమొదటి ‘అ’ రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ‘డి’ నొక్కాలి. ‘స్త్రీ’ రాయాలంటే ఆరు కీలు. చెవితో విన్నదాన్ని కంటితో గుర్తుపట్టగలిగిన పిల్లలు కూడా ఈ పరీక్షలో తప్పుతారు. ప్రోగ్రామ్‌లో దోషం లేదు, అనువాదంలోనూ లేదు. అక్షరానికి ఒక కీ అన్న ఊహ మన లిపికి కుదరదు, అంతే.

టక్స్ పెయింట్‌లో తెర మీది ఇంగ్లిషు మాటలన్నీ పెద్ద అక్షరాల్లోనే చూపించే సెట్టింగు ఉంది, ఇంకా చిన్న అక్షరాలు నేర్వని పిల్లల కోసం. అంత ఆలోచన తెలుగులో కావాలంటే ఒత్తులు ఇంకా రాని పిల్లలు చదవగలిగే బటన్లు కావాలి. పెద్దల ప్రోగ్రామ్‌ల కోసం కూర్చిన సంస్కృత పదాలు అక్కడ నిలబడవు. చదవడమే రాని వయసుకైతే అనువాదం చాలదు, రికార్డు చేసిన గొంతు కావాలి. జీకాంప్రీలో ప్రతి భాషకూ ఈ గొంతులు విడిగా రికార్డు చేసి చేర్చాలి. స్వచ్ఛందంగా పదాలు అనువదించేవారు దొరికినంత సులువుగా, స్పష్టంగా పలికి రికార్డు చేసి ఇచ్చేవారు దొరకరు.

కేరళ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు, 2017 నుంచి కైట్ సంస్థగా, బడుల్లోని కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడిపిస్తోంది. బడుల కోసం మలచిన ఆపరేటింగ్ సిస్టమ్‌లో జీకాంప్రీ లాంటివి ఉన్నాయి. నా దృష్టిలో అసలు విషయం ఆ జాబితా కాదు. టీచర్లకు శిక్షణ ఇచ్చే శిక్షకులు ఉన్నారు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తమ బడులకు తగ్గట్టు మలిచే బృందం ప్రభుత్వంలోనే ఉంది. తరగతి గదిలో కనిపించిన ఇబ్బంది కోడ్ రాసేవారి దాకా వెళ్లడానికి అక్కడ ఒక దారి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి దారి వేస్తే తప్ప, మంచి ప్రోగ్రామ్‌లు ల్యాబుల్లో ఉన్నా పిల్లలకు చేరవు.

ఆ దారి వేయడానికి పెద్ద నిధులే అక్కర్లేదు. పిల్లల పక్కన కూర్చుని, సాయం చేయాలన్న ఆత్రం అణుచుకుని చూసి రాసిన నాలుగు వాక్యాలు చాలు. ‘గందరగోళంగా ఉంది’ అన్న మాట రాసేవారికి పనికిరాదు. ‘రెండో తరగతి పాప, తొలిసారి వాడుతోంది. జవాబు సరైనదే ఎంచుకుంది, సరి అని చెప్పే బటన్ నొక్కాలని తెలియక ఎదురుచూసింది, చివరికి పక్కనే ఉన్న ఇంటి బొమ్మ నొక్కి బయటికి వెళ్లిపోయింది’ అంటే ఎక్కడ మార్చాలో చదివినవారికి వెంటనే తెలుస్తుంది. వయసు, ఇంతకు ముందు వాడిందీ లేనిదీ, మౌసా టచ్‌ప్యాడా, యంత్రం ఎంత పాతది, తెర ఏ భాషలో ఉంది అన్నవి కూడా చేర్చాలి. లేకపోతే షుగర్ విషయంలో జరిగినట్టే టచ్‌ప్యాడ్ తప్పు చట్రం మీద పడుతుంది. టీచరు దీన్ని తెలుగులో రాసినా చాలు. ఇంగ్లిషులోకి మార్చి ప్రాజెక్టుకు పంపే పని ఇంజనీరింగ్ విద్యార్థులు చేయగలరు. కోడ్ రాయడం వచ్చినవారు మన దగ్గర చాలామందే ఉన్నారు. వారిలో కొందరైనా ఒక ప్రభుత్వ ప్రాథమిక బడిలో ల్యాబ్ పీరియడ్ మొత్తం వెనక బెంచీలో కూర్చుంటే, మొదట బాగుచేయాల్సింది ‘అ’ కోసం నొక్కాల్సిన ఆ షిఫ్టే అని వారికే తోస్తుంది. అక్షరాలను తెర మీదే పెద్ద గళ్లలో పరిచి, విన్నదాన్ని నొక్కనివ్వడం వారికి పెద్ద పనేమీ కాదు.